ఊరి సభలో నాబోతు

మూలపాఠము: 1 రాజులు 21:1–16



నాబోతు కథ మనకు సండేస్కూలు నాటినుండి తెలిసినదే. అహాబు దురాశ, యెజెబెలు కుతంత్రము, ఏలీయా గద్దింపు – వీటిని గూర్చి పలుమారులు ప్రసంగములు విని యున్నాము. అయితే ఈ అధ్యాయములో మనము చూడక దాటిపోవు ఒక గుంపు కలదు. వారు యెజ్రెయేలు ఊరి పెద్దలు. ఈ నెల మన ధ్యానము వారిని గూర్చియే.

1. నాబోతు ఎందుకు ఒప్పుకొనలేదు?

రాజు అడిగిన బేరము పైకి అన్యాయముగా కనబడదు. ఇంతకంటె మంచి తోట ఇత్తుననెను. అది ఇష్టము కానియెడల వెల ఇత్తుననెను. మన ఊళ్లలో ఇట్టి బేరము వచ్చిన ఎందరు కాదందురు? అయినను నాబోతు ఒప్పుకొనలేదు. మొండితనముచేత కాదు, దైవభయముచేతనే. భూమి దేవునిదనియు, మనుష్యులు దానిమీద ఆయనయొద్ద కాపురముండువారు మాత్రమేననియు లేవీయకాండము 25వ అధ్యాయము నేర్పుచున్నది. ఒక గోత్రపు స్వాస్థ్యము మరియొక గోత్రమునకు పోకూడదని సంఖ్యాకాండము 36వ అధ్యాయములో కట్టడ ఉన్నది. తోట నాబోతు చేతిలో ఉన్నది గాని అది అతని తాతలది, పుట్టబోవు మనుమలది. తోటకు వెల కట్టవచ్చును. స్వాస్థ్యమునకు ఎవరు వెల కట్టగలరు?

ఇట్టి కట్టడ మన దేశమునకు క్రొత్త కాదు. అప్పు పత్రములమీద వ్రేలిముద్రలు వేయించుకొని కొండవారి పొలములు కాజేసిన వడ్డీవ్యాపారుల కథలు మన పెద్దలు ఎరుగుదురు. అందుచేతనే 1959లో ఏజెన్సీ భూముల బదలాయింపు రెగ్యులేషను వచ్చెను. 1970లో దానిని సవరించి మరింత గట్టిపరచిరి. జనులు దానినే “ఒకటి బై డెబ్బది చట్టము” అందురు. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరునికి భూమి బదలాయించుట దానినిబట్టి చెల్లదు. నేటికిని అది రెండు తెలుగు రాష్ట్రములలో అమలులో ఉన్నది.

అయితే ప్రభుత్వమే ఆ భూమిని గనుల కంపెనీలకు కౌలుకిచ్చినయెడల? విశాఖ జిల్లా అనంతగిరి మండలములో ఈ ప్రశ్నయే పుట్టెను. సమత అను సంస్థ గిరిజనుల పక్షముగా కోర్టుకెక్కెను. హైకోర్టులో ఓడిపోయినను వెనుదీయలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను: ఆ చట్టము ప్రభుత్వమునకును వర్తించును, షెడ్యూల్డు ప్రాంతములోని సర్కారు భూమినైనను గిరిజనేతర కంపెనీలకు కౌలుకిచ్చుట చెల్లదు. రాజు ధర్మశాస్త్రపు ప్రతిని వ్రాసికొని దినదినము చదువవలెననియు, తన సహోదరులకంటె తాను గొప్పవాడనని అతిశయపడకూడదనియు ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము విధించినది. అహాబు మరచినది ఈ పాఠమే.

2. పెద్దలు చేసిన పాపము

యెజెబెలు సైన్యమును పంపలేదు. రాజు పేర ఉత్తరములు వ్రాసి, ముద్రవేసి ఊరి పెద్దలకు పంపెను. ఉపవాసదినము చాటింపుడి, నాబోతును జనులయెదుట నిలువబెట్టుడి, ఇద్దరు పనికిమాలినవారిచేత సాక్ష్యము చెప్పింపుడి – ఇదియే ఆజ్ఞ. దేవునిని రాజును దూషించెనని నేరము మోపిరి. ఊరి వెలుపలికి కొనిపోయి రాళ్లతో కొట్టి చంపిరి. అతని కుమారుల రక్తము కూడ చిందెనని 2 రాజులు 9:26 వలన తెలియుచున్నది.

ఇందు సమస్తమును క్రమముగానే జరిగెను. ముద్ర సరియైనది, సభ నిండుగా ఉన్నది, సాక్షులు లెక్కకు ఇద్దరున్నారు. పైగా భక్తి కూడ ఉన్నది! లేనిది ఒక్కటే: “ఇతనిని మేమెరుగుదుము, ఇది అబద్ధము” అని చెప్పు ఒక్క నోరు. ఆ పెద్దలు నాబోతుకు ఇరుగుపొరుగువారు. తోటలో ఒక్క చాలు కూడ వారికి దక్కలేదు. భయముచేత ముద్రకు లోబడిరి, పొరుగువానిని చంపిరి.

3. నోరు తెరచిన సభలు

సభ మరియొక విధముగా ప్రవర్తింపగలదా? మన పొరుగునున్న ఒడిశాలో జరిగిన సంగతి వినుడి. రాయగడ, కలాహండి జిల్లాలలో నియమగిరి కొండలున్నవి. మన శ్రీకాకుళము పొలములను తడుపు వంశధార ఆ ప్రాంతముననే పుట్టుచున్నది. అక్కడ డోంగ్రియా కోదులు చిరుధాన్యములు, పసుపు, అనాస పండించుకొని బ్రదుకుదురు. ఆ కొండ నెత్తిన బాక్సైటు ఖనిజమున్నది. దానిని త్రవ్వి దిగువన లాంజిగఢ్‌లోని వేదాంత కర్మాగారమునకు పంపవలెనని రాష్ట్ర ప్రభుత్వపు గనుల సంస్థ పూనుకొనెను. కొండవారు ఏండ్ల తరబడి ఎదిరించిరి. 2010లో కేంద్రము అనుమతి నిరాకరింపగా ఆ సంస్థ సుప్రీంకోర్టుకు పోయెను. 2013 ఏప్రిల్ 18న కోర్టు, ముందుగా గ్రామసభలను అడుగుడని తీర్పిచ్చెను.

కొండమీద నూరుకు పైగా పల్లెలుండగా రాష్ట్ర ప్రభుత్వము పన్నెండింటినే ఎంచెను. జిల్లా జడ్జీ హోదాగల న్యాయాధికారి చూచుచుండగా సభలు జరిగెను. చదువురాని ముసలివారు, బిడ్డలను ఎత్తుకొన్న తల్లులు లేచి మాటలాడిరి. ఒక్కొక్క పల్లె వద్దనెను. పన్నెండు పల్లెలును వద్దనెను. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆ గనికి అనుమతి నిరాకరించెను.

యెజ్రెయేలులోను సభ కూడెను, నియమగిరిలోను సభ కూడెను. ఒక సభ పొరుగువానిని చంపెను. మరియొకటి పొరుగువారి స్వాస్థ్యమును కాచెను.

4. మనకు పాఠము

“అధికారులకు లోబడవలెనని రోమా 13వ అధ్యాయము చెప్పలేదా?” అని కొందరు అడుగుదురు. చెప్పినది. నాబోతు కత్తి పట్టలేదు, తిరుగుబాటు చేయలేదు. రాజునకు పైనున్న న్యాయమును చూపి కాదనెను. న్యాయమునుబట్టి కాదనుట రాజద్రోహము కాదు.

“వారు మన విశ్వాసులు కారే, కొండను కొలుచువారు గదా!” అని మరికొందరందురు. పరదేశియందును దయయుంచువాడు మన దేవుడు (ద్వితీ. 10:18). పొరుగువాడెవడని అడిగినవానికి ప్రభువు సమరయుని చూపెను. వాని స్వాస్థ్యము కాజేయకుండుటకు వాని మతమడుగ నక్కరలేదు.

రోడ్లు, ఆస్పత్రులు, పరిశ్రమలు వద్దని మనము చెప్పుటలేదు. అడిగి చేయుట వేరు, అడుగక చేయుట వేరు. అడిగిన తరువాత కాదన్న మాటను మన్నించుట అంతకంటె గొప్పది.

కావున ప్రియులారా, మన చేతులను పరీక్షించుకొందము. ఏజెన్సీలో గిరిజనుని పేర పొలము వ్రాయించి తాను అనుభవించువాడు మన సంఘములో ఉన్నయెడల, వాడు ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దకు వచ్చుటకు ముందు ఆ పొలము సంగతి తీర్చుకొనవలెను. ఊరివారందరు ఒప్పుకొనిరని వ్రాసిన కాగితము మీ గుమ్మములోనికి వచ్చినప్పుడు చదివించుకొనక వ్రేలిముద్ర వేయకుడి. గ్రామసభ దినమున కూలి పోవునని ఇంట నిలిచిపోకుడి. “అడవివారికేమి తెలియును” అను ఎగతాళి మాటకు తల ఊపకుడి. అదియు ఒక రాయియే.

ఏలీయా ద్రాక్షతోటకు వచ్చునప్పటికి నాబోతు చనిపోయియుండెను. ప్రవక్త గద్దింపు రాజును వణికించెను గాని నాబోతును లేపలేదు. అతనిని కాపాడవలసినవారు ప్రవక్తకంటె ముందుగా ఆ సభలో కూర్చుండియున్న ఊరివారే.

ప్రార్థన: న్యాయాధిపతివైన తండ్రీ, సభలో మా నోరు మూయు భయమును తీసివేయుము. పొరుగువాని పొలిమేర జరుపకుండ మా చేతులను కాపాడుము. మా పాలకులు తాము విన్న పేదల మాటను మన్నించునట్లు వారి హృదయములను త్రిప్పుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.