మక్క గింజకు దారి చూపేది



వానాకాలం వస్తే సిద్దిపేట పల్లెల్లో మక్కలు పెడతారు. సాలులో గింజ ఎటు తిరిగి పడిందో ఎవరూ చూడరు. తలకిందులుగా పడ్డా వేరు కిందికే దిగుతుంది, మొలక పైకే లేస్తుంది.

వేరు కొసను కప్పే తొడుగు కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. వేరు ఒరిగితే అవి కింది వైపుకు జారతాయి. కింద ఎటో చెప్పే ఆ కబురు మోసేవాటిలో కాల్షియం ఒకటి. 1983లో అమెరికా శాస్త్రవేత్తలు మక్క వేళ్ల కొసలకు కాల్షియాన్ని పట్టేసుకునే రసాయనం పెట్టి చూశారు. వేళ్లు పెరిగాయి గానీ, కిందికి వంగలేదు. కాల్షియం తిరిగి ఇస్తే మళ్లీ వంగాయి.

వెలుగు సంగతీ ఇలాంటిదే. నీలి వెలుగును ఫోటోట్రోపిన్ అనే ప్రోటీన్లు పసిగట్టగానే కణంలో కాల్షియం కాసేపు పెరుగుతుంది. ఆక్సిన్ అనే హార్మోను నీడ వైపు ఎక్కువగా చేరి, ఆ పక్క త్వరగా పెరుగుతుంది. మొలక వెలుగు వైపు వంగుతుంది.

అసలు కిటుకు మరొకటుంది. కణం తన లోపలి ద్రవంలో కాల్షియాన్ని బయటికన్నా వేల రెట్లు తక్కువగా ఉంచుకుంటుంది. లోపలికి వచ్చినదాన్ని ఎప్పటికప్పుడు తోడిపోస్తుంది. అందుకే కాస్త పెరిగినా తెలిసిపోతుంది.

మన మనసుకూ ఆ తోడిపోత అవసరమే. పొద్దస్తమానం కబుర్లతో నిండిపోయిన మనసుకు ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది? అక్కరలేనిదాన్ని ఈ పూటే కొంత వదిలేద్దాం. ఎటు తిరగాలో అప్పుడు మనకే తెలుస్తుంది.