దాహం తీర్చే ఎండమావి

పీఎం కిసాన్ పేరుతోనో చలానా పేరుతోనో వాట్సాప్‌లో తిరిగే నకిలీ ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్ల గురించి తెలంగాణ పోలీసులు పలుమార్లు హెచ్చరించారు. అలాంటిదొకటి కోడేరు రైతు ఫోనుకు వచ్చిందనుకుందాం. దాన్ని నొక్కాలా వద్దా అన్న సందేహం పాత దర్శనకారుల వివాదమే. జ్ఞానం సహజంగానే ప్రమాణం, బాధకం, అంటే అది తప్పని తేల్చేది, ఎదురైతేనే వదులుకోవాలి అన్నారు మీమాంసకులు. కాదు, ప్రామాణ్యం బయటినుంచే తేలాలి అన్నారు నైయాయికులు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో నిలబడింది ఈ రెండో పక్షానే.

నైయాయికుల ప్రసిద్ధ పరీక్ష ఫలితం: నీళ్లనుకుని వెళ్లావు, దాహం తీరింది, కాబట్టి అవి నీళ్లే. ఇక్కడ ఆ పరీక్ష పనికిరాదు. మోసగాడు తయారుచేసిన యాప్ కూడా చక్కగా తెరుచుకుంటుంది, రైతు పేరు చూపిస్తుంది, వెనక ఓటీపీలు చదువుతుంది. పనిచేయడం దాని ప్రామాణ్యం కాదు, దాని వేషం. అందుకే నైయాయికుల రెండో మాటే మనకు దిక్కు: శబ్దానికి, అంటే ఒకరు చెప్పిన మాటకు, బలం చెప్పినవాడి ఆప్తత్వం, అతను నమ్మదగినవాడు కావడం. అయితే ఆప్తుడి పేరు వేరు, ఆప్తుడు వేరు. ఏపీకే మీద డిజిటల్ సంతకం తప్పనిసరే, కానీ ఆ సంతకం దొంగ కూడా తయారుచేసుకోగలడు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైటులోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకును కల్తీ ఫైలు వైపు తిప్పారు. ఫైలు అసలుదో కాదో సరిచూసుకోవాల్సిన హ్యాష్ సంఖ్య కూడా ఆ సైటులోనే ఉంటే, ఫైలు మార్చిన చెయ్యి దాన్ని మార్చలేదా? సాక్షి వేరే దారిన రావాలి. రైతుకైతే రైతువేదికలోని ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) సారును అడగడం అలాంటి దారే.

ఆ సాక్షికి సాక్షి ఎవరు, ఇది అంతులేని అనవస్థ కాదా అని మీమాంసకుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. నైయాయికుడు ఉదయనుడి జవాబు నాకు నచ్చుతుంది: మన నడతతోనే విరోధించే చోట సందేహం ఆగిపోతుంది. ఏఈఓనూ బ్యాంకునూ ఫోనునూ కలిపి శంకించేవాడు ఫోను పట్టుకోనేకూడదు.

ఆప్తుడే ద్రోహి అయితే మాత్రం ఏ ముద్రా ఆదుకోదు. 2024లో, ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ అయిన ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో దొంగతలుపు పెట్టింది దాని నిర్వాహకుల్లో ఒకరే. సంతకం సరైనదే. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. బాధకం వచ్చేదాకా నమ్మాలన్న మీమాంసకుడికి ఇది అనుకూలమే. కాకపోతే ఆ బాధకం దానంతట అది రాలేదు, అర సెకనును పట్టించుకున్న మనిషి ఒకడుంటే వచ్చింది.