పాకవిచారము

ఆంగ్లదేశమున స్టాఫర్డ్‌షైర్ మండలమందలి బర్స్లెమ్ మొదలగు కుమ్మరి ఊళ్లలో, పదునెనిమిదవ శతాబ్దపు నడిమి దినములందు, ఉప్పుతో మెరుగుపెట్టిన తెల్లని తేనీటి కూజాలు విరివిగా తయారగుచుండెను. నాడు తేయాకు మిక్కిలి వెలగల వస్తువగుటచేత ఈ కూజాలు తరచు దోసిటిలో నిముడునంత చిన్నవి. చెట్టుకొమ్మను నరికి యతికించినారా యనిపించునట్లు గణుపులతో మలచిన పిడి, దానికి దీటైన కొమ్ము, పైన చిన్న మూత, ఒడలెల్ల నారింజతొక్కపై కనబడునట్టి సన్నని గుంటలు. మొదటి చూపునకు ఇంతే. కాని అట్టి కూజాను వెలుతురునకు త్రిప్పి పరిశీలించువానికి మరి రెండు చిహ్నములు గోచరింపవచ్చును: అచ్చు చెక్కలు కలిసినచోట మిగిలిన సన్నని గీత యొకటి, పిడిని ఒడలికి అదిమినచోట పనివాని బొటనవ్రేలి నొక్కు ఇంకొకటి. ఇవి మన్ను పచ్చిగా నున్ననాటి గురుతులు. రెండు శతాబ్దములు గడచిన పిదపను చెదరక నిలిచిన ఆ గీతయు ఆ నొక్కును నన్నొక ప్రశ్న నడుగుచున్నవి: ఆవములోనికి పోయిన కూజాయు, ఆవమునుండి వచ్చిన కూజాయు ఒక్కటియేనా? దుఃఖాగ్నిలో కొంతకాలము నిలిచి వచ్చిన ప్రతి మనుష్యుడును ఎప్పుడో యొకప్పుడు తన్ను గూర్చి తాను వేసికొను ప్రశ్నయు ఇదియే: నాటి నేనును నేటి నేనును ఒకరమేనా?

మన్నును కుండను దృష్టాంతముగా గైకొని తత్త్వము నుపదేశించుట మన దేశమున అతిప్రాచీనమైన సంప్రదాయము. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు, పండ్రెండేండ్లు గురుకులమున చదివి గర్వముతో మరలివచ్చిన తన కుమారుడు శ్వేతకేతువునకు మొట్టమొదట చూపినది మట్టిముద్దయే; ఆ ముద్దను తెలిసికొన్నవానికి మట్టితో నైన సమస్తమును తెలియునని, కుండ చట్టి మూకుడను భేదములు వ్యవహారమునకై వచ్చిన పేరులని ఆయన బోధ. ఆ వెంటనే బంగారమును ఇనుమును కూడ ఆయన ఉదాహరించెను. అయినను బంగారమునకును మన్నునకును నడుమ ఒక వ్యత్యాసము కలదు. కడియమును కరగించిన మరల బంగారు ముద్దయగును. సారెమీద వంకరపోయిన పచ్చికుండను చిదిమిన మరల మట్టిముద్దయగును. కాలిన కుండను పగులగొట్టిన మిగులునవి పెంకులు. ఆ పెంకుల నెంత మెత్తగా నూరి ఎన్ని నీళ్లు పోసి కలిపినను సారెకెక్కు జిగట వానికి మరల రాదు. అగ్ని యొక గడప; దానిని దాటిన మన్నునకు వెనుకకు త్రోవ లేదు.

ఈ గడపయొద్ద నిలిచి విచారించినవారు మన తార్కికులు. తేజస్సంయోగముచేత వస్తువు యొక్క రూపరసాదులు మారుటకు వారు పాకమని పేరిడిరి. నల్లని పచ్చికుండ ఆవమున ఎఱ్ఱనగుట దానికి నిదర్శనము. వైశేషికులు పీలుపాకవాదులు; పీలువనగా పరమాణువు. ఘనమైన కుండలోనికి అగ్ని చొరజాలదు గనుక కుండ పరమాణువులుగా విడిపోవుననియు, క్రొత్తరంగు ఆ పరమాణువులయందే పుట్టుననియు, పిమ్మట అవి కూడి వేరొక కుండ యేర్పడుననియు వారి మతము. అందుకు పట్టు క్షణములను సయితము వారు లెక్కించిరి. నైయాయికులు పిఠరపాకవాదులు, పిఠరమనగా కుండయే. కుండకు కనబడని సందులు కలవు, వానిగుండ అగ్ని లోపలికి వ్యాపించును, కుండ కుండగనే యుండి రంగు మార్చుకొనునని వారందురు. విడిపోవునదే యైనచో దానిపై పేర్చిన కుండలు కూలవలసినది గదా, ఆవము విప్పినవాడు తాను పెట్టిన కుండయే యిది యని గుర్తించుచున్నాడు గదా యని వారి యుక్తి. మన తెలుగువాడని ప్రతీతి గల అన్నంభట్టు, తన తర్కసంగ్రహమునకు తానే వ్రాసిన దీపికలో, ఈ రెండు మతములను ప్రస్తావించియున్నాడు. ఇది శుష్కవాదమని తలచి దాటిపోవువారు బర్స్లెమ్ ఆవము చెంతకు ఒకమారు మనస్సును పోనిచ్చినచో వేరుగా తలంతురు.

ఆ కుమ్మరులు తెల్లని ఒడలు కోరి డెవన్, డోర్సెట్ సీమలనుండి తెల్లబంకమన్ను తెప్పించి, అందులో కాల్చి నూరిన చెకుముకిరాతి పొడి కలిపిరి. పొడిగా నూరునపుడు లేచు ధూళిని పీల్చి కూలివాండ్రు రొమ్ము చెడి మరణించుచుండగా, థామస్ బెన్సన్ అనునతడు రాతిని తడిపి నూరు పద్ధతికి 1726లో పేటెంటు పొందెను. అయినను ఆ ధూళి తరతరముల పనివారి ప్రాణములను తీయుచునే యుండెను. కూజా తెలుపులో ఇందరి ఊపిరి కలిసియున్నది. 1740 ప్రాంతమున ప్లాస్టర్ అచ్చులు వాడుకలోనికి వచ్చెను. మట్టినీటిని అచ్చులో పోయగా ప్లాస్టర్ తేమను పీల్చుకొనును, లోగోడలకు పలుచని మట్టిపొర యేర్పడును. ఆరుటలోను కాలుటలోను పాత్ర సుమారు పదవవంతు కుదించుకొనిపోవును. ఆవమున వేడి దాదాపు 1200 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినపుడు, ప్రక్కనున్న చెషైర్ ఉప్పును పైకప్పు రంధ్రములనుండి లోనికి చల్లుదురు. ఉప్పు ఆవిరియై, అందలి సోడియము మన్నులోని సిలికాతో కలిసి, ఒడలిమీదనే గాజగును. శనివారపు ప్రాతఃకాలమున ఎనిమిది గంటలు మొదలు మధ్యాహ్నమువరకు ఆ తెల్లని పొగ ఊరిని కప్పివేయగా నడచువారు ఒండొరులను ఢీకొనుచుండిరనియు, బాటసారులు త్రోవ తప్పుచుండిరనియు 1829లో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరుల చరిత్ర వ్రాసిన సైమియన్ షా తెలిపెను.

ఇప్పుడు తార్కికుల వివాదమును మరల చూతము. సుమారు 600 డిగ్రీల వేడికి మన్నులో అణురూపమున బద్ధమైయున్న నీరు వెడలిపోవునని, మన్ను యొక్క పూర్వపు స్ఫటికనిర్మాణము శిథిలమగునని, ఇంకను వేడి పెరిగిన కొలది క్రొత్త స్ఫటికములు పుట్టునని నేటి రసాయనశాస్త్రము చెప్పుచున్నది. కావున వైశేషికుడు ఊహించిన మరణము కొంతవరకు నిజమే. కంటికందని లోతున పాత మన్ను చచ్చి క్రొత్తది పుట్టినది. కాని ఆ బొటనవ్రేలి నొక్కు మాట యేమి? పరమాణువులు విడివడి వేరొక కూజాయే పుట్టినచో, పాతకూజా మేనిపై పడిన నొక్కు క్రొత్తదాని మేనికి ఎట్లు వచ్చినది? పదవవంతు కుంచించుకొనిపోయినను ఆ నొక్కు ఆ చోటనే యున్నది. లోపల సర్వమును మారినను, అనుభవించినది మాత్రము ఆ కూజాయే యని నైయాయికుని పక్షమున సాక్ష్యము పలుకుచున్నది.

నేను నైయాయికుని పక్షమును వహించుటకు ఇంతకంటె బలమైన హేతువు ధర్మమునకు సంబంధించినది. కష్టములు మనలను పూర్తిగా వేరొకరినిగా చేయునదే నిజమైనచో, మునుపు మనము చేసిన తప్పిదములకు నేడు బాధ్యులెవ్వరు? మునుపిచ్చిన మాట నేడు నిలుపుకొనవలసినవారెవ్వరు? చేసిన కర్మ ఫలింపక పోవుటయు, చేయని కర్మ ఫలము వచ్చి పైబడుటయు, కృతహాని యకృతాభ్యాగమములని మన శాస్త్రకారులు దోషములుగా పరిగణించినవి రెండును అచ్చట తప్పవు. బర్స్లెమ్‌న 1730లో జన్మించిన జోసయా వెజ్‌వుడ్‌కు బాల్యమున మశూచికము సోకి కుడి మోకాలు చెడెను. 1768లో, స్పృహ తప్పించు మందు లెరుగని ఆ దినములలో, ఆ కాలు తీసివేసిరి. మరుసటి సంవత్సరము జూను 13వ తేదీన తన క్రొత్త కార్ఖానా ఎట్రూరియాను తెరచునపుడు, భాగస్వామి యగు బెంట్లీ సారె త్రిప్పుచుండగా, ఆయన స్వహస్తములతో ఆరు పాత్రలను చేసెను. కాలు పోయినది, చేతులలోని విద్య పోలేదు. కాలినవాడును ఆయనయే, నిలిచినవాడును ఆయనయే.

ఇక మెరుగు సంగతి. ఆ కాలముననే, సీసము కలిసిన ద్రవములో పాత్రను ముంచి కాల్చు వేరొక పద్ధతి కూడ కలదు. ఆ పనివారు సీసవిషముచేత వ్యాధిగ్రస్తులగుచుండిరి. ఒడలును పూతయు సమముగా సంకోచింపనిచో అట్టి మెరుగున కాలక్రమమున సాలెగూటివంటి పగుళ్లు పుట్టును. ఉప్పుమెరుగులో పాత్ర యొక్క ఇసుకయే కరగి దాని చర్మమగును. ఉప్పు బయటినుండియే వచ్చును, నిజమే. గురువాక్యమును, సజ్జనసాంగత్యమును, ఆపదయును బయటినుండియే వచ్చును గదా. కాని వానిని తనయందలి సత్త్వముతో కలుపుకొని తేజస్సుగా మార్చుకొనుట లోపలి పని. ఒడలు చాలినంత వేడెక్కకముందు చల్లిన ఉప్పు వ్యర్థము. అందుచేతనే కాబోలు, ఉపదేశము ఫలించు స్థితికి మనవారు పరిపాకమని పేరు పెట్టినారు.

మెథడిస్టు సంప్రదాయ ప్రవర్తకుడగు జాన్ వెస్లీ 1760 మార్చిలో ఈ బర్స్లెమ్‌న బోధించుచుండగా, నవ్వుచు మాటలాడుకొనుచున్న కొందరిలో నొకడు విసరిన మట్టిపెళ్ల ఆయన తలప్రక్కను తగిలెను. దానివలన తానుగాని సభగాని చలింపలేదని ఆయన దినచర్యలో వ్రాసికొనెను. తేనీరు ఆరోగ్యమునకు చేటనియు, దానిపై మిగిలిన ధనము పేదలకు చెందవలెననియు తలచి 1746లో దానిని విడిచి, 1748లో ఆ విషయమై యొక లేఖను ప్రకటించి, పిమ్మటి కాలమున మరల స్వీకరించినవాడీయన. 1761లో వెజ్‌వుడ్ ఆయనకొక పెద్ద తేనీటి కూజాను కానుక చేసెననియు, భోజనమునకు ముందును పిదపను చెప్పు ప్రార్థనలను దానిపై వ్రాయించెననియు ప్రతీతి. ఒక్క యూరినుండియే, ఒక్క సంవత్సరపు వ్యవధిలో, ఆయనకు మన్ను రెండు రూపములలో లభించినది: మొదట పెళ్లగా, పిదప పాత్రగా.

ఉద్దాలకుని బోధను ఈ రెండింటి నడుమ నిలిపి చూచినపుడు అది నాకు మునుపటికంటె సన్నిహితముగా తోచుచున్నది. రెండును మన్నే, కావున విసరినవానియందును ఇచ్చినవానియందును పరాయితనమును చూడరాదు. కాని ఆ ఏకత్వము కాలిన కూజాను మరల ముద్దగా చేయుమని కోరదు. అనుభవించిన దుఃఖమును అనుభవింపనట్లు తుడిచివేయుమని చెప్పదు. కాలినదానికి స్థైర్యమున్నది, అది వేడినీటిని పట్టగలదు, ఒకరి దాహమును తీర్చగలదు. పచ్చిదానికి అవకాశమున్నది. ఆ దినమున విసరిన పెళ్ల కాలని మన్నే. దానిని విసరిన చేయి ఆ కుమ్మరి యూరిలో మరునాడు ఏదో యొక కూజాకు పిడిని అదిమిన చేయి యైనను కావచ్చును. పచ్చి మన్నును చూచి ఆగ్రహింపనివానికే, దానినుండి ఏదో యొకనాడు పాత్ర లభించును.