రక్తసంబంధము – లింగసంబంధము

విరక్తమఠములయందు పట్టాధికారము తండ్రినుండి కొడుకునకు సంక్రమింపదు. గురువునుండి శిష్యునకు సంక్రమించును. పీఠమెక్కిన స్వామివారిని పూర్వగురువుల ‘కరకమలసంజాతు’లని ఆహ్వానపత్రికలలో భక్తితో అచ్చువేయించుచున్నాము. హస్తమస్తక సంయోగముచే గురువు శిష్యునకు క్రొత్త జన్మ నొసగునని మన సిద్ధాంతము. అనగా ఆ పీఠములు తరతరములుగా దత్తపుత్రులచేతనే నిలిచినవి. ఆ పాదములకు మ్రొక్కి ఇల్లు చేరిన గృహస్థు, దిక్కులేని శిశువును పెంచుకొనుమన్న మాట వినగానే “ఎవరి రక్తమో, ఏ కులమో” యని వెనుకాడుట వింతగా లేదా?

బషీరాబాదు, తాండూరు ప్రాంతములయందును, సరిహద్దు కావల సేడం, చించోళి వైపునను మన బంధువర్గము అల్లుకొని యున్నది. సంతానము లేని దంపతులు క్షేత్రములు తిరుగుదురు, వైద్యులకు వేలు ధారపోయుదురు. తుదకు అన్నదమ్ముల బిడ్డను తెచ్చుకొందురు. అది తప్పు గాదు. కాని ఆ బిడ్డకు తల్లిదండ్రులు మునుపే యున్నారు. ఎవరును లేని బిడ్డ శిశుగృహమునందే మిగిలిపోవుచున్నది.

వచ్చినవానిని ఎవరివాడని అడుగక ఇంటి కుమారునిగా నెంచవలెనని బసవేశ్వరుడు వేడుకొన్న వచనమును మన పిల్లలచేత సభలలో పాడించి సంతోషింతుము. అందలి ‘కుమారుడు’ అను మాటను అలంకారముగా గాక, రేషనుకార్డులో వ్రాయదగిన మాటగా గ్రహించినవారెందరు?

చట్టము మనకు అడ్డు కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము తన రెండవ సెక్షనులోనే వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి పేర్కొన్నది. కుమార్తెను గూడ దత్తు గొనవచ్చునన్నది. దత్తహోమము తప్పనిసరి గాదన్నది; హోమము నొల్లని మనకు ఇంతకంటె అనుకూలమేమి కావలెను? ఇక అనాథలు, పరిత్యక్తులు అయిన శిశువుల దత్తత 2015 నాటి బాలల న్యాయచట్టము ననుసరించి జరుగును. ‘కారా’ అను కేంద్రసంస్థ వద్ద పేరు నమోదు చేయించుకొని, గృహపరిశీలన ముగిసిన పిమ్మట వంతు కొరకు వేచియుండవలెను. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తర్వును న్యాయస్థానమునకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నారు. 

ఈ నిరీక్షణకు విసిగి, ఎవరో మధ్యవర్తి ద్వారా గుట్టుగా బిడ్డను తెచ్చుకొనుట పుణ్యమేయని తలచువారు కలరు. 1999, 2001 సంవత్సరములలో తెలంగాణ లంబాడీ తండాలనుండి ఆడశిశువులను స్వల్పమూల్యమునకు కొని విదేశ దత్తతలకు పంపిన వ్యవహారము బయటపడినది. పేదతల్లి ఒడిని ఖాళీచేసి మన ఒడిని నింపుకొనుట దాసోహమగునా? సత్యమైన కాయకమున ఆర్జించిన ధనముతోనైనను బిడ్డను కొనరాదు.

మఠముల వసతిగృహములున్నవి గదా యని కొందరందురు. తుమకూరు సిద్ధగంగామఠమున శ్రీ శివకుమారస్వామివారు (1907–2019) వేలాది బాలలకు అన్నము, విద్య, ఆశ్రయము ఒసగిన సంగతి లోకవిదితము. దానిని తక్కువచేయుట నా ఉద్దేశము గాదు. అయినను దాసోహపు పంక్తి వేయిమందిది; జ్వరము కాచిన రాత్రి నుదుటిపై నిలుచు చేయి ఆ ఒక్క బిడ్డ కొరకే కావలెను. పంక్తిలో కూర్చున్న బాలునకు కడుపు నిండును, “మా అమ్మ” యని చెప్పుకొనుటకు ఎవరును ఉండరు.

అందరును పాలుత్రాగు పసికందునే కోరుదురు. ఆరేండ్లు దాటినవానిని అడుగువారరుదు. అట్టివారికై ఫాస్టర్ కేర్ అను పద్ధతి కలదు: బిడ్డ మన ఇంట పెరుగును గాని చట్టరీత్యా ఇంకను మన బిడ్డ కాడు. 2024 మార్గదర్శకముల ప్రకారము రెండేండ్లు సాకిన పిమ్మట దత్తత కోరవచ్చును. ఒంటరిగా నున్నవారికిని ఈ అవకాశము కలదు. ఆ రెండేండ్లు తేలికైనవి కావు. బిడ్డ మొదటి తల్లిని తలచుకొని ఏడ్వవచ్చును, రొట్టె దిండుక్రింద దాచుకొనవచ్చును, పిలిచిన పలుకకపోవచ్చును. మెడలో లింగము కట్టినంతనే మనవాడయ్యెననుకొనుట తొందరపాటు. వాడు మనలను స్వీకరించుటయు జరుగవలెను గదా.

మఠముల నుండి కోరదగినది పెద్ద సాయమేమియు గాదు. దత్తత కుటుంబములను వేదికపైకి పిలిచి సన్మానింపనక్కరలేదు, అది బిడ్డకే సిగ్గు. పెండ్లిమాటలకు వచ్చిన పెద్దలు “పెంచుకొన్న పిల్లయట గదా, ఎవరి బిడ్డ?” యని అయ్యగారిని అడిగినప్పుడు, “నేను లింగధారణ చేసిన బిడ్డ” యని బదులిచ్చి, ముహూర్తమునకై పంచాంగము తెరచిన చాలును.