యోసేపు అందరిని వెలుపలికి పంపెను

వాక్యభాగములు: ఆది. 37:18-28, 42:21-24, 45:1-4



యోసేపు కథ మనము ఆదివార బడినాటినుండి వినుచున్నదే. పదిహేడేండ్ల చిన్నవానిని అన్నలు పట్టుకొని, వాని అంగీ ఊడదీసి, నీళ్లులేని గుంటలో త్రోసి, తాము కూర్చుండి భోజనము చేసిరి. తరువాత ఇరువది తులముల వెండికి అమ్మివేసిరి. ఆ 37వ అధ్యాయమును మరల చదివి చూడుడి. గుంటలో పడిన తరువాత యోసేపు ఏడ్చెనని గాని, బ్రతిమాలెనని గాని అచ్చట ఒక్క మాటయు లేదు. చాలకాలము నేను దానిని యోసేపు సహనమునకు గురుతుగా బోధించితిని.

అయితే 42వ అధ్యాయము 21వ వచనమునకు రండి. ఐగుప్తులో తమకు ఇక్కట్టు కలిగినప్పుడు ఆ అన్నలే ఒకరితో ఒకరు చెప్పుకొనిరి: తమ్ముడు ప్రాణవేదనతో బతిమాలుకొనగా చూచియు మనము వినలేదు గదా అని. అనగా వాడు ఏడ్చెను. మిక్కిలి ఏడ్చెను. ఆ కేక ఇరువది ఏండ్లకు పైగా దాగియుండి, దానిని విననివారి నోటినుండియే బయటపడెను.

ఈ మాసము ఈ భాగమును ఎన్నుకొనుటకు నేను చేసిన తప్పు ఒకటి కారణము.

కొన్ని సంవత్సరముల క్రిందట, సార్వా దమ్ముల కాలమున, మా సంఘములోని ఒక సహోదరుడు దమ్ము చేయుచుండగా ట్రాక్టరు తిరుగబడి దానిక్రింద ప్రాణము విడిచెను. పదునారేండ్ల కుమారుడు అన్నపు క్యారేజీతో గట్టుమీదనే ఉండెను. వాడు బురదలోనికి దిగి తండ్రిని లాగెను గాని శక్తి చాలలేదు. ఇంజను మాత్రము చాలసేపు మ్రోగుచునే యుండెనట. సమాధి చేసిన దినమున ఆ బాలుడు కన్నీరు పెట్టలేదు. ధైర్యముగల పిల్లవాడని మేమందరము మెచ్చుకొంటిమి.

మూడు నెలలలో వాడు మారిపోయెను. నిద్రలో కేకవేసి లేచును. రోడ్డుమీద ట్రాక్టరు పోయినచో తరగతి విడిచి బయటికి పరుగెత్తును. అన్నము పెట్టబోయిన తల్లిమీద పళ్లెము విసరును. పొలము వంక చూడనే చూడడు. బడిలో సోమరి అనిరి. వీధిలో దయ్యమనిరి. నేను దయ్యమనలేదు గాని అంతకంటె మేలైన పనియు చేయలేదు. శుక్రవారపు ఉపవాస కూటములో వానిని ముందుకు పిలిచి, "బాబూ, ఆ దినమున జరిగినది చెప్పి, దేవుడు నిన్ను ఎట్లు ఆదరించెనో సాక్ష్యమిమ్ము" అంటిని. వాడు మైకు పట్టుకొని నాలుగు మాటలాడి ఆగిపోయెను. చేతులు వణకెను, ముఖమంతయు చెమటపోసెను. మేము హల్లెలూయ అంటిమి. వాడు మైకు క్రిందపెట్టి వెలుపలికి పోయెను. పది నెలలు మరల మందిరపు గడప త్రొక్కలేదు.

వాని తల్లి నన్ను నిందించలేదు. "అయ్యగారూ, వాడు మళ్లీ ఆ మడిలోకి దిగినట్టయిందండీ" అని మాత్రము అనెను.

తరువాత ఆమె వానిని జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునియొద్దకు తీసికొనిపోగా నేనును తోడు పోతిని. అచ్చట తెలిసికొన్నది మీకు చెప్పవలెను. ప్రాణభయము కలిగినప్పుడు పోరాడుటకో పారిపోవుటకో దేహమంతయు సిద్ధపడును, గుండె వేగిరపడును. అపాయము దాటిన పిమ్మట అది నెమ్మదించవలెను. చాలమందిలో ఇంటివారి ఆదరణతో కొన్ని వారములకు నెమ్మదించును. కొందరిలో నెమ్మదించదు. ఒక శబ్దమో వాసనయో తగిలినతోడనే, ఎప్పుడో జరిగినదిగా కాక ఇప్పుడే జరుగుచున్నదిగా దేహము ఉలికిపడి లేచును. ఇది పిరికితనము కాదు, సోమరితనము కాదు, అవిశ్వాసమును కాదు. నెల దాటినను నిద్ర, చదువు, మాట దారికి రానియెడల చూపించవలెనని ఆ వైద్యుడు చెప్పెను. చావు మాట నోట వచ్చినయెడల నెలవరకు ఆగనే రాదు.

ఇట్టి గాయము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలమంది కొట్టుకొనిపోయిరి. మిగిలిన పిల్లలకు బియ్యము, బట్టలు, ఇండ్లు ఇచ్చుటకు సంఘములు ఎంతో ప్రయాసపడెను. అది మంచి పని. అయితే గాలి లేచిన రాత్రి ఆ పిల్లల కెట్లుండెనో ఎవరు అడిగిరి? అమెరికాలోని మానసిక వైద్యుల గ్రంథములో ఈ వ్యాధికి ఇప్పుడున్న పేరు చేరినదే 1980లో.

మా బాలుని చూచిన కౌన్సిలరమ్మ మొదటి కొన్ని మారులు తండ్రి మరణమునుగూర్చి అడుగనే లేదు. నాకు ఆశ్చర్యమాయెను. నిద్ర ఎట్లున్నది, ఏమి తినుచున్నావు అని అడిగెను. ఊపిరి నిదానముగా తీసి విడుచుట నేర్పెను. భయము ముంచుకొని వచ్చినప్పుడు పాదములు నేలకు ఆనించి, ఎదుట కనబడు వస్తువుల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుకొమ్మనెను. తల్లిని వేరుగా కూర్చుండబెట్టి, కొడుకు కోపము వెనుక ఏమున్నదో తెలిపెను. ఇవన్నియు కుదిరిన తరువాతనే, వాడు చెప్పగలిగినంత, వాడు ఆపుమన్నచోట ఆపుచు, ఆ దినపు సంగతి ఒక నోటుపుస్తకములో కొంచెము కొంచెముగా వ్రాయించెను. అప్పుడు ఎవరును ఎరుగని మాట ఒకటి బయటికి వచ్చెను. క్యారేజీ ఒలికిపోకుండ గట్టుమీద సరిగా పెట్టుటకు తాను ఆగెనట. ఆ నిమిషము ఆగకుండినయెడల నాన్న బ్రతికియుండునని ఏడాదినుండి వాడు తనలో తాను అనుకొనుచుండెను. మా సాక్ష్య కూటములో ఆ మాటకు చోటెక్కడిది?

ఆ వరుస ఆమె సొంతముగా కల్పించినది కాదు. జూడిత్ కోహెన్, ఆంథొనీ మాన్నరినో, ఎస్తేరు డెబ్లింజరు అనువారు అమెరికాలో మూడేండ్లనుండి పద్దెనిమిదేండ్ల వరకు గల పిల్లలకు ఈలాగుననే ఒక చికిత్సను ఏర్పరచిరి. అందులో తలిదండ్రులకును పాలున్నది. అంతకంటె పెద్దవారి విషయములో జూడిత్ హెర్మన్ అను వైద్యురాలు 1992లో వ్రాసిన గ్రంథమును ఇదే క్రమము చెప్పుచున్నది: మొదట భద్రత, తరువాత జ్ఞాపకము, దుఃఖము, అటుపిమ్మట జనులతో మరల కలిసికొనుట. ఆపద జరిగిన వెంటనే బాధితులను బలవంతముగా చెప్పించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన పుస్తకమున ఉన్నది. దానిని సిద్ధపరచుటలో మన క్రైస్తవ సేవాసంస్థ వరల్డ్ విజన్ కూడ పాలుపొందెను. ఇవి చదివినప్పుడు నేను సిగ్గుపడితిని. వారు చెప్పినది ఆదికాండములోనే నా కన్నులయెదుట ఉండెను గదా.

చూడుడి, యోసేపు తన జ్యేష్ఠునికి మనష్షే అని పేరు పెట్టెను, దేవుడు నా బాధను మరపించెనను భావముతో (41:51). నిజముగా మరచినవాడు ఆ సంగతిని బిడ్డ పేరులో పెట్టుకొనునా? కుమారుని పిలిచిన ప్రతిసారియు మరచితినని తనకు తాను జ్ఞాపకము చేసికొనుచుండెను. అన్నల స్వరము విన్నంతలోనే అవతలికి తిరిగి ఏడ్చెను (42:24). మరియొకమారు లోపలి గదిలోనికి పోయి ఏడ్చి, ముఖము కడుగుకొని వచ్చెను (43:30). గుంటలో ఒక్క కన్నీటిచుక్కయు వ్రాయబడని యోసేపు ఆ తరువాతి అధ్యాయములలో ఎనిమిది చోట్ల ఏడ్చినట్లు చదువుచున్నాము. ఐగుప్తునకు అధిపతి ఇట్లు ఏడ్చుట అవిశ్వాసమని మోషే ఎక్కడను వ్రాయలేదు.

తుదకు చెప్పవలసిన గడియ వచ్చినప్పుడు అతడేమి చేసెను? తన యొద్దనున్న వారినందరిని వెలుపలికి పంపివేసెను (45:1). సమయమును అతడే ఎన్నుకొనెను, ఎవరు వినవలెనో అతడే నిర్ణయించెను. అప్పుడు ఎలుగెత్తి ఏడ్చి, మీరు అమ్మివేసిన యోసేపును నేనే అని జరిగినదానిని దాని పేరుతోనే పిలిచెను. నేనైతే ఆ బాలుని విషయములో తలుపులన్నియు తెరచి, ఊరిని లోపలికి పిలిచి, మైకు ఇచ్చితిని.

అట్లని నోరు మూయించుట వేరు. 2 సమూయేలు 13లో తామారు చెరుపబడినప్పుడు, వాడు నీ అన్న గనుక ఊరకుండుమని అబ్షాలోము ఆమెతో చెప్పెను. ఆమె అతని యింట దిక్కులేనిదై మిగిలెను. మన యిండ్లలో ఇది జరుగుటలేదా? పరువు పోవునని, సంబంధములు కుదరవని, పెద్దమనుష్యులు కూర్చుండి డబ్బు కట్టించి ముగించుటలేదా? 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, పద్దెనిమిదేండ్లలోపు బిడ్డమీద ఇట్టి అపరాధము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను, తెలుపకుండుట శిక్షార్హము. కాపరికిని మినహాయింపు లేదు. కాబట్టి ఏ బిడ్డకైనను "ఎవరితోను చెప్పను" అని ముందుగా మాట ఇయ్యకుడి. "నీకు సహాయము చేయగల వారితో మాత్రమే చెప్పెదను" అని పలుకుడి. పిల్లల సహాయమునకు 1098, మనస్సుకు సంబంధించిన సలహాకు 2022లో ఆరంభమైన టెలిమానస్ 14416 ఉన్నవి. రెండును ఉచితము. వీనిని మందిరపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుడి.

ప్రార్థన చాలదా అని కొందరడుగుదురు. ఎముక విరిగినప్పుడు మనము ప్రార్థించి కట్టు కట్టించుకొనుచున్నాము. స్టాన్లీ జోన్సు గారు 1950లో లక్నోలో నూర్ మంజిల్ అను మానసిక వైద్యాలయమును స్థాపించిరి. సువార్తికుడే ఆ పని చేసెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957లో ఆరంభించిన మానసిక వైద్యశాలలో రోగియొద్ద ఇంటివారును ఉండునట్లు ఏర్పాటు చేసిరి. మన పితరులు ప్రార్థనను, వైద్యమును తగవు పెట్టలేదు.

ఇంకొక మాట. సమస్తము మేలుకొరకే అని మనము సమాధి ప్రక్కనే చెప్పివేయుదుము. యోసేపును ఆ మాట పలికెను, మీరు కీడు తలచితిరి గాని దేవుడు మేలు తలచెనని (50:20). అయితే లెక్క చూడుడి. గుంటలో పడునాటికి పదిహేడేండ్లు. ఆ మాట పలుకునాటికి తండ్రియు చనిపోయెను, యోసేపునకు ఏబదియారేండ్లు. ముప్పది తొమ్మిది సంవత్సరములు! అదియు తానే పలికెను. గుంట అంచున నిలిచి ఇంకొకడు క్రిందికి చూచుచు చెప్పినది కాదు. ఆ దినమునను అతడు ఏడ్చెనని వ్రాయబడియున్నది (50:17).

ఆ బాలుడు ఇప్పుడు ఐ.టి.ఐ. చదువుచున్నాడు. ఆదివారమున వచ్చుచున్నాడు, తలుపు ప్రక్కనే కూర్చుండును. నేను వాని క్షమాపణ అడుగగా తల ఊపెను గాని ఏమియు అనలేదు. ప్రసంగము మధ్య రోడ్డుమీద ట్రాక్టరు వచ్చినప్పుడు ఒక్కొక్కసారి లేచి వెళ్లును. మా సంఘపెద్దలలో ఒక తాతగారు కర్ర పట్టుకొని మెల్లగా వెనుక పోయి, వేపచెట్టు క్రింద వాని ప్రక్కన కూర్చుండును. ఏమియు అడుగడు. శబ్దము దూరమైన తరువాత ఇద్దరును కలిసి లోపలికి వచ్చెదరు.