చిన్న కత్తికి ఒర



విజయదశమి సమయమున ఆయుధపూజ చేయుట మన పెద్దలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. మలయా తోటలలో కూలిపని చేసిన మన పూర్వులలో అనేకులకు ఆయుధమనగా ఖడ్గము కాదు. రబ్బరు చెట్టును గీయు చిన్న కత్తి. ఒప్పందపు కూలి విధానము 1910లో రద్దయిన పిమ్మట, కంగాణీల వెంట వచ్చినవారును ఆ కత్తినే చేతబట్టిరి. నేడు ఎన్నో రబ్బరు తోటలు ఆయిల్‌పామ్ తోటలైనవి. అయినను ఆ కత్తి బోధించు ధర్మము మారలేదు.

ఆ కత్తి అంచు మిక్కిలి చిన్నది. వంపు తిరిగి యుండును. తెల్లవారకముందే, చెట్టున పాలు బాగుగా కారు వేళ, బెరడు నుండి పలుచని చీలికను మాత్రమే తీయవలెను. కత్తి లోతుగా దిగి బెరడు క్రిందనున్న లేత పొరకు తగిలినచో ఆ చోట గడ్డలు కట్టును. క్రొత్త బెరడు నున్నగా రాదు. మొద్దు కత్తియు చెట్టుకు కీడే చేయును. కావున కత్తికి పదును కావలెను. పదునుకు ఒర కావలెను.

ఒర చేయు విధము సులభమే. గట్టి తోలును మడిచి కత్తి ఆకారమునకు సరిపడ కత్తిరింపవలెను. అంచు వైపున రెండు పొరల నడుమ సన్నని తోలుపట్టీ నుంచి, మూడింటిని కలిపి కుట్టవలెను. ఆ పట్టీ లేనిచో కత్తి మొదట కోయునది తన ఒర దారమునే! మరియొక నియమము: తడి కత్తిని ఒరలో నుంచరాదు. తుడిచి, కొంచెము నూనె రాచి పెట్టవలెను. లేనిచో దాచిన చోటనే త్రుప్పు పట్టును.

భగవంతుడు మనకిచ్చిన చిన్న కత్తి నాలుక. పెదవులు దానికి ఒర. కోపమును మనస్సున దాచి పెదవులు మూసికొనుట తడి కత్తిని ఒరలో పెట్టుటయే. అది మౌనము కాదు, త్రుప్పు. ముందు కోపమును తుడువవలెను. మాటకును మనిషికిని నడుమ ప్రేమయను పట్టీ నుంచవలెను.

వాల్మీకి రామాయణము అరణ్యకాండలో సీతమ్మ శ్రీరామునకు ఒక కథ చెప్పినది. ఇంద్రుడు భటుని వేషమున వచ్చి ఒక తపస్వి వద్ద ఖడ్గమును దాచెను. తపస్వి దానిని కాపాడవలెనని కందమూలములకు పోవునపుడును వెంట గొనిపోయెను. క్రమముగా ఆయన బుద్ధి క్రూరమై తపస్సు చెడెను. ఇంత పదునైన హితవును చెప్పియు ఆ తల్లి, నేను నీకు బోధించుట లేదు, స్నేహముచేత గుర్తుచేయుచున్నానని పలికినది. శ్రీరాముడు నొచ్చుకొనలేదు. ఋషులకు తానిచ్చిన మాటను వివరించి, ఆమె స్నేహమును మెచ్చుకొనెను. సత్యమునకు స్నేహమే ఒరయని మనకిక్కడ తెలియుచున్నది.

ఈ నీతి మన ఆలయములకు, తెలుగు తరగతులకు మిక్కిలి అవసరము. ఒక బాలిక ‘ళ’ను ‘ల’గా పలికినప్పుడు పెద్దలు నవ్వుదురు. వారికది క్షణకాలపు వినోదము. ఆ బిడ్డ మరుసటి వారము నోరు విప్పదు. పిదప తరగతికే రాదు. ఆ బిడ్డతోపాటు ఆమె బిడ్డలకును తెలుగు దూరమగును. లోతుగా గీచిన చెట్టు వంటిదే ఆ మనస్సు. నేనును ఆలయ తరగతిలోనే అక్షరములు దిద్దినవాడను. తప్పును దిద్దవలదని నేననుట లేదు. పలుచగా దిద్దుడని మనవి చేయుచున్నాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. భాషాభిమానము, బిడ్డల యెడ ఎగతాళి ఒకే హృదయమున నిలువవు.

సంస్కృతమున ఒరను కోశమందురు. మాటలను భద్రపరచు నిఘంటువును కూడ కోశమే యందురు. మన ఇల్లు, మన ఆలయము తెలుగు మాటకు అట్టి కోశములు కావలెను. ఈ పూజాదినమున పనిముట్లకు కుంకుమ నుంచునపుడు, మన నాలుకకును ఒక ఒర కుట్టుకొందుము గాక.

శుభమస్తు.