మోతాదు కుదిరేదాకా

ఆగిరిపల్లి,
ఏలూరు జిల్లా.

చి.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. మామిడి తోటలో పూత బాగానే నిలిచింది. నీ ఉత్తరం అందింది. నెల రోజులుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గలేదనీ, జుట్టు ఊడటం ఆగలేదనీ రాశావు. డాక్టరును మార్చాలా, మందు మార్చాలా, అసలు మానేయాలా అని అడిగావు. ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. మోతాదు నిర్ణయం మాత్రం నీ డాక్టరుదే.

నువ్వు వేసుకునేది లీవోథైరాక్సిన్. మన గొంతు దగ్గరి గ్రంథి తయారుచేసే టీ4 హార్మోనే అది. ఒంట్లోకి వెళ్ళిన మందులో సగం ఖర్చు కావడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి రోజూ వేసుకుంటూ పోతే రక్తంలో దాని మట్టం నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి. ఆ మట్టాన్ని చూసి, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోనైన టీఎస్‌హెచ్‌ను తగ్గించేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. అదీ నిదానంగానే కదులుతుంది. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించమనేది ఇందుకే. నాలుగో వారంలో టీఎస్‌హెచ్ అంకె చూసి మందు పనిచేయలేదనడం తొందరపాటు. జుట్టు కుదుటపడటానికైతే నెలలే పడుతుంది.

మన వైపు మామిడి తోటల సంగతి నీకు తెలియనిది కాదు. పూత మీద తేనెమంచు పురుగు కనిపించగానే కంగారుపడి, వారంలో మూడు రకాల మందులు కలిపి కొట్టేవాళ్ళున్నారు. పురుగు పోయినా ఏ మందుకు పోయిందో తెలియదు, పూత మాడినా ఏ మందుకు మాడిందో తెలియదు. నువ్విప్పుడు చేయబోతున్నది ఆ పనే. ఎదురింటావిడ చెప్పిందని కంపెనీ మార్చి, ఎవరో పంపారని ఏదో పొడి మొదలుపెట్టి, మధ్యలో నాలుగు రోజులు మాత్ర మానేస్తే, రేపు డాక్టరు నీ రిపోర్టు చూసి ఏం తేల్చగలడు? ఒక్కటే మార్చు. తగినంత కాలం ఆగు. పరీక్ష చేయించు. ఆ తర్వాతే రెండో మాట.

అయితే ఓపిక పట్టడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదమ్మా. నీ వంతు పని చాలా ఉంది. మాత్రను పొద్దున పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. మన ఇళ్ళలో కళ్ళు తెరవగానే కాఫీ కావాలి కదా! కాఫీ, పాలు, టిఫిన్ ఏదైనా అరగంట నుంచి గంట ఆగాకే. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఉంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. అవి ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. జుట్టు కోసమని బయోటిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పు. అది రక్తపరీక్ష అంకెలను తారుమారు చేయగలదు. శనివారం ఉపవాసమని మాత్ర మానకు. ఎండాకాలంలో డబ్బాను కిటికీ అంచున, పొయ్యి గట్టున పెట్టకు. వేడికీ వెలుతురుకీ ఈ మందు బలం తగ్గుతుంది.

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ అని పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే. కానీ ఒంటికి పట్టడంలో కంపెనీకీ కంపెనీకీ కొద్ది తేడా ఉండొచ్చు. ఇది మైక్రోగ్రాముల్లో కొలిచే మందు, కొద్ది తేడాకే అంకె కదులుతుంది. అందుకని ఒక కంపెనీతో మొదలుపెడితే దానితోనే ఉండు. తప్పనిసరై మార్చితే మళ్ళీ ఆరు వారాలకు పరీక్ష చేయించుకో. త్వరగా గుణం కనిపించాలని నీ అంతట నువ్వే రెండు మాత్రలు మింగితే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. ఏళ్ళ తరబడి ఎక్కువైతే ఎముకలు గుల్లబారతాయి, గుండె లయ తప్పుతుంది.

జన్మంతా వాడాలేమోనని నీకు దిగులు. కొందరికి కొంతకాలమే అవసరమవుతుంది, చాలామందికి ఎప్పటికీ కావాలి. నీదేదో డాక్టరు చెబుతాడు. ఎప్పటికీ కావాల్సి వచ్చినా దిగులెందుకు అక్కర్లేదో ఒక పాత సంగతి విను. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జి మర్రే అనే వైద్యుడు, థైరాయిడ్ లోపం ముదిరిన 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. అంతకుముందు దీనికి మందే లేదు. ఆమె ఆ వైద్యం కొనసాగిస్తూ 74 ఏళ్ళు బతికింది. ఆమెకు రోజూ మందు అవసరం కావడం శిక్ష కాలేదు.

మన తెలుగువాడు, శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి చేసిన పని కూడా తెలుసుకో. 1956లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో గొంతువాపు జబ్బు మీద ఆయన బృందం పరిశోధన మొదలుపెట్టింది. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి లెక్క రాశారు. అయోడిన్ అందిన చోట 1962 నాటికే జబ్బు బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. ఈరోజు మన వంటింట్లోని అయోడిన్ ఉప్పు వెనక ఆ లెక్క ఉంది. నువ్వూ ఒక నోటుపుస్తకం పెట్టు. తేదీ, మోతాదు, టీఎస్‌హెచ్ అంకె, బరువు, నిద్ర రాసుకో. రాసి ఉంటే మనసు చెప్పే అబద్ధాలు తేలిపోతాయి.

ఓపిక పనికిరాని చోట్లూ ఉన్నాయి. గర్భం అని అనుమానం వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పు. అప్పుడు మోతాదు పెంచాల్సి రావచ్చు, ఆలస్యం బిడ్డకు మంచిది కాదు. ఛాతీలో నొప్పి, మెడ దగ్గర గడ్డ, మింగడంలో ఇబ్బంది, గొంతు బొంగురుపోవడం ఉంటే ఎనిమిది వారాలు ఆగకు. టీఎస్‌హెచ్ సరైపోయి కొన్ని నెలలైనా నీరసం తగ్గకపోతే, రక్తహీనత ఉందేమో, బీ12 తక్కువైందేమో చూడమని అడుగు. అడిగితే విననివాడైతే అప్పుడు డాక్టరును మార్చు. తప్పులేదు.

ఇంకొక్క మాట. నీరసం నీ బద్ధకం కాదు. అల్లుడిగారికీ, అత్తగారికీ ఈ ఉత్తరం చూపించు. ఇంటిపని కొంత వాళ్ళు అందుకోవాలి, అది నీకు చేసే ఉపకారం కాదు, వాళ్ళ బాధ్యత.

డాక్టరు చెప్పిన తేదీకి రక్తపరీక్ష చేయించుకో. ఆ కాగితం, నీ నోటుపుస్తకం రెండూ తీసుకుని వెళ్ళు. అప్పటిదాకా ఏదీ మార్చకు, ఏదీ మానకు. ఫలితం తెలియగానే నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న